మొదటి డికాక్షను

కాఫీ కాచుట యెట్లో గృహిణులకు బోధించు వ్యాసములు నేను చిన్ననాటినుండి చాల చదివితిని. గింజల నే రంగు వచ్చువఱకు వేయింపవలయునో, పొడి నెంత సన్నముగ విసరవలయునో, మరుగునీటి నెంత నెమ్మదిగ పోయవలయునో వానిలో వివరముగ నుండును. కాని వేఱొకరు కాచి యిచ్చిన కాఫీని స్త్రీ యెక్కడ కూర్చుండి, ఎంత తీరికగ త్రాగవలయునో చెప్పిన వ్యాస మొక్కటియు నా కంట బడలేదు. ఆ లోటు తీర్చుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పండితుల కిది చిన్న విషయముగ దోచవచ్చును. తెల్లవాఱకముందే లేచి యింటిల్లిపాదికి కాఫీ యందిచ్చి, తన గ్లాసులోనిది చల్లాఱిన పిమ్మట నిలుచుండియే త్రాగు సోదరీమణులకు మాత్ర మిది చిన్న విషయము కాదని నా నమ్మకము.

మా తాతగారు నాకు బడితో పని లేకుండ నింటనే ప్రబంధములు చెప్పిరి. మనుచరిత్రము చదువుచుండగా, ప్రవరుని గృహిణి యర్ధరాత్రమున నెందఱతిథులు వచ్చినను విసుగక వండి వడ్డించుననియు, అన్నపూర్ణకు సాటి యనియు పెద్దన పొగడిన పద్యమునకు వచ్చితిమి. అప్పటికి నాకు పదునొకండేండ్లు. "తాతయ్యా, అందఱూ తిన్న తరువాత ఆవిడ ఎప్పుడు తిన్నది?" అని యడిగితిని. తాతగారు కొంతసేపు పుస్తకమువైపు చూచి, "ఆ సంగతి పెద్దన చెప్పలేదే, అమ్మాయీ!" అనిరి. పద్యము నాకు కంఠస్థమైనది. ప్రశ్నయు నట్లే నిలిచిపోయినది.

ఇల్లు విడిచి బయట భుజించుట తెలుగువారికి క్రొత్త కాదు. క్రీడాభిరామమను వీథినాటకమున ఓరుగంటి పూటకూటియిల్లొకటి వర్ణింపబడినది. ఒక్క రూక యిచ్చినచో మంచి బియ్యపన్నము, గోధుమల పిండివంట, పంచదార, క్రొత్తగ కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు నచ్చట దొరకునట. ఆ నగరమంతయు తిరిగి చూచి ముచ్చటించువారు మంచనశర్మయు, టిట్టిభసెట్టియు, ఇద్దఱును పురుషులే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ యను పాత్ర కలదు. ఊరివారికి వండి పెట్టి జీవించిన స్త్రీ యామె. ఆ నాటకము తొలి కూర్పు 1897లో అచ్చయినది. చూడుడు, భోజనశాలలో స్త్రీ యెన్నడో ప్రవేశించినది. కాని పొయ్యివైపు వాకిటినుండి ప్రవేశించినది. విస్తరివైపు వాకిలి యామెకు చాలకాలము తెఱచుకొనలేదు.

ఇది మనకు మాత్రమే చెల్లిన తీరని తలపరాదు. లండను నగరమున తొలి కాఫీశాల 1652లో వెలసినది. వర్తకులు, కవులు, పత్రికలు నడుపువారు నచ్చట చేరి గంటలకొలది ముచ్చటించుచుండిరి. కొన్ని శాలలను స్త్రీలే నడపిరి, కప్పులందించినవారును స్త్రీలే. అతిథులై కూర్చుండిన స్త్రీలు మాత్ర మరుదు. 1674లో కాఫీకి విరోధముగ స్త్రీల మనవి యను పేర నొక చిన్న పుస్తకము వెలువడినది. అది పరిహాసపు వ్రాత యైనను, భర్తలు కాఫీశాలలను పట్టుకొని వ్రేలాడుచు నిండ్లు మఱచుచున్నారన్న ఫిర్యాదు దానిలో నున్నది. స్త్రీ యొంటరిగ వచ్చి గౌరవమునకు లోటు లేక కూర్చుండదగిన చోట్లు పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున గాని యా నగరమున విరివిగ నేర్పడలేదు. 1864లో రొట్టెలమ్ము కంపెనీ యొకటియు, 1894లో పికడిల్లీ వీథిలో లయన్సు కంపెనీయు తేనీటిశాలలు తెఱచిన పిమ్మట, బజారునకు వచ్చిన స్త్రీలకు కాలు చాచి యొక కప్పు త్రాగుటకు తావు దొరకినది.

ఇక మా జంటనగరముల మాట. ఇచ్చట హోటలనగానే మొదట ఇరానీ హోటలే స్మరణకు వచ్చును. ఇరానుదేశమునుండి బొంబాయి, పూనాల మీదుగ వచ్చినవారు స్థాపించిన హోటళ్లవి. డికాక్షను మూతపెట్టిన రాగిపాత్రలో సన్ననిసెగపై మఱగుచుండును. పాలు వేఱుగ చిక్కబడువఱకు కాగును. ఈ రెంటిని కప్పులోనే కలుపుదురు. పాలు మిక్కిలిగ కోరువారు పౌనా యని యడుగుదురు. తోడుగ నుప్పును తీపియు గలసిన ఉస్మానియా బిస్కత్తు. సికింద్రాబాదు గడియారస్తంభము చేరువ గార్డెను, రైల్వేస్టేషనున కెదుట ఆల్ఫా అను పేర్లు తరములుగ ప్రయాణికుల నోట నానినవి. నేడు బిర్యానీకి పేరుమోసిన ప్యారడైజు సైతము 1953లో ఆ పేరి సినిమాహాలు చెంత చిన్న క్యాంటీనుగనే మొదలైనది.

ఇట్టి పాత హోటళ్లు పెక్కింట వెనుకప్రక్క ఫ్యామిలీ రూమను గదులుండెడివి. సగము తలుపులో, తెఱలో వ్రేలాడుచుండెడివి. స్త్రీలు వెంట మగవారుండగ నా గదిలో కూర్చుండి తిని వెడలవలయును. వీథి కనబడదు, గాలి యాడదు. అది రక్షణ యని యొకరందురు, చెఱ యని యొకరందురు. నే నొక్కటి మాత్రము చెప్పుదును. ఆ గది లేనినాడు మా పెద్దలలో ననేకులు హోటలు గడప తొక్కియుండరు. కావున దానిని నిందింపను. కాని నేటి స్త్రీ కిటికీ చెంత కూర్చుండగలిగినపుడు తెఱ వెనుకకు పోనక్కఱ లేదు.

మఱి పూర్వము స్త్రీలకు కూడి కూర్చుండు చోటే లేదా యని యడుగుదురేమో. ఉండెను. అది నూతిగట్టు. మా నివాసము సేఠ్ బన్సీలాలు పేర వెలసిన బన్సీలాల్‌పేటలో. ఇచ్చట నొక పాత మెట్లబావి కలదు. పదునేడవ శతాబ్దినాటి దందురు. చాల యేండ్లు చెత్తతో పూడి, అట్టి బావి యున్నదన్నమాటయే మఱుగుపడినది. నగరపాలకసంస్థవారును, రెయిన్ వాటర్ ప్రాజెక్టు అను సంస్థవారును పూడిక తీయించి, మెట్లు సవరింపగా, 2022 డిసెంబరు 5వ తేదీన దానిని ప్రజల కొఱకు తెఱచిరి. నేడు మెట్లమీద నిలుచుండి క్రింది నీటిని చూచునపుడు నాకు శిల్పముకంటె ముందు బిందెలు తలపునకు వచ్చును. నీటి కని వచ్చి, చేదుటకు పట్టు కాలముకంటె నెక్కువసేపు నిలిచి, అత్తపోరును, బిడ్డల జ్వరమును, బియ్యపు ధరను చెప్పుకొనిన స్త్రీల గొంతులు తలపునకు వచ్చును. పురుషులకు రచ్చబండ యుండెను, హోటలుండెను. స్త్రీలకు నుయ్యి యుండెను. కొళాయి వచ్చి నడుములను కాపాడినది. దానికి వేయి నమస్కారములు. కాని కొళాయి యింటిలోనే యుండుటచే నూతిగట్టు మీది కబురు పోయినది. దాని స్థానమున మన కేమి దొరకినది?

ఈ ప్రశ్న కుత్తరము నాకు మా అత్తగారివలన దొరకినది. వారికిపు డఱువదియెనిమిదేండ్లు. గడచిన శ్రావణమున కంటివైద్యుని చూచి వచ్చుచు, మావారును, వారును, నేనును సరోజినీదేవి రోడ్డున నొక కాఫీ హోటలులో దిగితిమి. పదిగంటలు దాటినది. ఇంటికి పోయి వంట చేయుదమని అత్తగారనిరి. మావారు వినలేదు. వడ్డించు కుఱ్ఱవాడు వచ్చెను. మావారు పెసరట్టు చెప్పిరి, నేను ఇడ్లీ చెప్పితిని. ఆ పిల్లవాడు అత్తగారివైపు తిరిగి, "అమ్మా, మీకేం తేవాలె?" అని యడిగెను.

అత్తగారు కొడుకువైపు చూచి, "వాడు తినేదే నాకూ తెచ్చిపెట్టు నాయనా" అనిరి.

"సారు పెసరట్టు చెప్పిండు. మీకేది ఇష్టమో అదే చెప్పండమ్మా."

అత్తగారు మాటాడలేదు. బల్లపై చేతిని నిమురుచు కొంతసేపు కూర్చుండిరి. "నాకేది ఇష్టమా? ఆలోచించాలి నాయనా" అనిరి. పరిహాసముగ ననలేదు. నిజముగనే యాలోచించుచుండిరి. కొడుకునకు కారము తగ్గవలయునని, మామగారికి మజ్జిగపులుసు లేనిదే ముద్ద దిగదని, మనుమనికి ఉల్లిపాయ సరిపడదని వారికి కంఠపాఠము. తమ నాలుక కేది హితమో యని యెవ్వరు నడుగలేదు. ఆ పుట తెఱచి చాల యేండ్లైనది. కుఱ్ఱవాడు, "తొందర లేదమ్మా, మళ్ళ వస్త" అని వేఱొక బల్లకు పోయి మరల వచ్చెను. అప్పుడు వారు మెల్లగ, "మైసూరు బజ్జీ ఉందా?" అని యడిగిరి. పెండ్లికి ముందు పుట్టినింట తండ్రిగారు పొట్లము కట్టించి తెచ్చెడివారట. ఆ సంగతి మావారును మొదటిసారి వినిరి.

పిదప కాఫీ వచ్చినది. ఇత్తడి గ్లాసు, క్రింద గిన్నె, పైన నురుగు. అత్తగారొక గుక్క త్రాగి గ్లాసు దింపి, "అమ్మాయీ, కాఫీ ఇంత చిక్కగా ఉంటుందా?" అనిరి.

ఈ మాటలోని సంగతి యెఱుగని గృహిణి యుండదు. మొదటి డికాక్షను మామగారికి, కొడుకునకు, వచ్చిన చుట్టములకు. ఫిల్టరులోని పిప్పిపై మరల నీరు పోసి దింపిన రెండవ డికాక్షను కోడండ్రకు, అత్తలకు. ఎవ్వరు నాజ్ఞాపింపరు. ఎవ్వరును కాదనరు. అత్తగారు కాపురమునకు వచ్చినది మొదలు త్రాగినది రెండవ డికాక్షనే. నేనును వారి చెంత నదియే త్రాగితిని. మావారు తమ గ్లాసు క్రింద పెట్టి, మా యిద్దఱి మొగములు మార్చి మార్చి చూచిరి గాని యేమియు ననలేదు. మఱునాటి యుదయమున వంటయింటిలోనికి వచ్చి, పొడి డబ్బా తెఱచి, ఫిల్టరులో నింకను రెండు చెంచాలు వేసి వెడలిపోయిరి. నెలకు పావుకిలో పొడి యెక్కువగుచున్నది. బడిపంతులు జీతమున నది లెక్కకు రాని సొమ్ము కాదు. అయినను నా వ్యయపట్టికలో నేను సంతోషముగ వ్రాయు పద్దు లిద్దఱి పుస్తకముల ఖర్చును, ఈ పొడి ఖర్చును.

ఆ దినమునుండి మా సందులోని నలుగురు స్త్రీలము నెలకొక యాదివారము కలసి బయటకు పోవుచున్నాము. అత్తగారే పెద్ద. తలకు నూటయేబది రూపాయల చొప్పున డబ్బాలో వేయుదుము. మొదటిసారి మేము వెడలునపుడు దూరపు చుట్టమొకావిడ చూచి, "ఏమిటి వదినా, ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?" అని యడిగెను. "ఆరలేదమ్మా, ఒక పూట ఊపిరి పీల్చుకుంటోంది" అని అత్తగారు బదులు చెప్పిరి. ఇంటివద్ద మావారు పిల్లలకు ఉప్మా చేసి పెట్టుదురు. ఉండలు కట్టునట. ఆకలి మీద నున్న పిల్లలకు ఉండలు కనబడవు.

ఇట్లు తిరిగి మేము తెలిసికొనిన సంగతులను సోదరీమణుల కుపయోగించునట్లు చెప్పెదను. మా నగరమున కాఫీశాలలు ముఖ్యముగ మూడు జాతులు.

మొదటిది టిఫిను హోటలు. సరోజినీదేవి రోడ్డున తాజ్‌మహలు, మినర్వా మొదలగునవి యీ జాతివి. ఇడ్లీ, వడ, పెసరట్టు, పూరీ, ఫిల్టరు కాఫీ యిచ్చటి సొమ్ము. శాకాహారము మాత్రమే కోరు పెద్దలను వెంట గొనిపోవుట కివి తగినవి. జనసమ్మర్ద మెక్కువ గావున ఎనిమిదింటికి ముందో, పదిన్నర పిమ్మటనో పోవలయును. రెండవది ఇరానీ హోటలు. ఇచ్చట చాయయే రాజు. నగరపు నడిబొడ్డున నాంపల్లి దాటిన పిమ్మట, నిలోఫరు ఆసుపత్రి పేరనే ప్రసిద్ధమైన నిలోఫరు కేఫు, చార్మినారు నీడలో నిమ్రా కేఫు చూడదగినవి. నిమ్రా ముందు నిలుచుండి బిస్కత్తును చాయలో ముంచుకొనుచు నాలుగు మీనారుల వైపు చూచుట యొక యనుభవము. అది కూర్చుండు చోటు కాదు గావున మోకాళ్లనొప్పులు గలవారికి నే నా సలహా యియ్యను.

మూడవది క్రొత్త తరపు కాఫీశాల. బంజారాహిల్సులో పాత బంగళాయం దున్న రోస్టరీ కాఫీ హౌసు వంటివి, మా వైపున సైనికపురి, మారేడుపల్లి వీథులలో వెలసినవి యీ జాతివి. గింజలు వారే వేయింతురు. చెట్లనీడ, మెత్తని కుర్చీ, నెమ్మది సంగీతము. వెల యధికము. టిఫిను హోటలులో నలుగురు త్రాగు కాఫీ వెల నిచ్చట నొక్క కప్పునకు పోయవలసి వచ్చును. కావున మేము పండుగకో, ఎవరి పుట్టినదినమునకో దీని నుంచుకొందుము. ఇచ్చట నిచ్చు పట్టికలోని పేర్లు చూచి మొదట మేమును బిక్కమొగము వేసితిమి. వాని నర్థము తెలిసికొనినచో నవి మన వంటయింటి వస్తువులే. ఎస్ప్రెసో యనగా మిక్కిలి సన్నని పొడిగుండ వేడినీటిని యంత్రపు ఒత్తిడితో అఱనిమిషములోపున దూర్చి దింపిన చిక్కని డికాక్షను. దానిలో వేడినీరు కలిపిన అమెరికానో. పాలు మిక్కిలిగ చేర్చిన లాటే. పాలును నురుగును సమముగ నిలిపిన క్యాపుచ్చినో. కాపుచిను సన్న్యాసుల యంగీ రంగునుబట్టి దాని కా పేరు వచ్చినది. చన్నీటిలో రాత్రియంతయు పొడి నానబెట్టి వడకట్టినది కోల్డు బ్రూ. వీనిలో చికోరి యుండదు. చికోరి యొక మొక్క వేరు. దానిని వేయించి కలుపుటచే మన ఫిల్టరు కాఫీకి నలుపును చిక్కదనమును వచ్చును. ఆ రుచి కలవాటుపడిన నాలుకకు ఎస్ప్రెసో మొదట పులుపుగ దోచును. అది చెడిపోయినది కాదు.

ఈ శాలలలో ఆదివారము బ్రంచి యని పెట్టుదురు. ఉదయపు ఫలాహారమునకును మధ్యాహ్న భోజనమునకును నడుమ, రెంటి పని నొక్కటిగ తీర్చు తిండి యది. 1895లో గై బెరింజరను ఆంగ్లేయుడు పత్రికలో దీనిని కోరుచు వ్యాసము వ్రాసెను. శనివారము రాత్రి పొద్దుపోవువఱకు మేల్కొనినవారు ఆదివారము తెల్లవాఱున లేవ నక్కఱలేదని యాతని వాదము. ఆలస్యముగ లేచు మగవారి సుఖమునకై పుట్టిన తిండియే యైనను దీనిలో గృహిణికి గొప్ప మేలు దాగియున్నది: రెండుమాఱులు వండు చోట నొక్కమాఱు చాలును! గ్రుడ్లు, రొట్టె, పండ్లు, తేనె పోసిన దళసరి యట్లు నందుండును. గ్రుడ్డు తిననివారు ముందుగనే యడిగి తెలిసికొనవలయును, ఆ తీపియట్ల పిండిలో సైతము గ్రుడ్డు కలుపుదురు గనుక. పెసరట్టులో ఉప్మా మడిచి అల్లపుపచ్చడితో తిని, ఆపై కాఫీ త్రాగిన తెలుగువానికి మూడు గంటలవఱకు అన్నము జోలి యుండదు. కావున పేరు తెలియక మనము బ్రంచి చాలకాలముగ తినుచునే యున్నాము.

కాఫీ యెచ్చటిదో తెలిసి త్రాగిన రుచి యధికమగును. బాబాబుదాను అను ఫకీరు హజ్జు యాత్రనుండి మరలుచు యెమెనుదేశపు మోఖా రేవునుండి యేడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని కర్ణాటకమున చెప్పుకొందురు; ఆ కొండల కాయన పేరే నిలిచినది. మన తెలుగుసీమలో విశాఖమన్యపు అరకులోయ కాఫీకి నేడు ఖండాంతర కీర్తి వచ్చినది. 2017లో ప్యారిసు నగరమున అరకు పేర కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. మిరియపు తీగలల్లుకొనిన చెట్లనీడలో నెఱ్ఱగ పండిన కాయలనే యేరి గిరిజన స్త్రీలు కోయుదురు. మన కప్పు మొదట నొక స్త్రీ చేతినుండియే బయలుదేరినది.

మంచి కాఫీశాల యేది యని నన్నడిగినచో రుచి మాట తరువాత చెప్పుదును. మొదట స్త్రీల మఱుగుదొడ్డి శుభ్రముగ నున్నదా, లోపల గడియ పడునా చూడుడు. ఇది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. ఇది లేకుండుటచేతనే మన స్త్రీలు బయలుదేరుటకు ముందు నీరు త్రాగుట మానుదురు. రెండవది, తిరిగివచ్చు దారిలో దీపములును, బస్సో ఆటోయో దొరకు చోటును ఉన్నవా. మూడవది, కప్పు ఖాళీ కాగానే బిల్లు తెచ్చి మీద పెట్టి నిలుచుందురా. నాలుగవది యన్నింటికంటె ముఖ్యమైనది: వడ్డించువాడు స్త్రీ నే యడుగునా, లేక ప్రక్కనున్న పురుషుని మొగము చూచి "మేడముకేం కావాలి?" అని యడుగునా. ఒక పెద్ద కాఫీశాలలో మేము నలుగురమును, ఒకావిడ కుమారుడగు పదునాలుగేండ్ల బాలుడును కూర్చుండగా పట్టికను, పిదప బిల్లును ఆ బాలుని ముందే పెట్టిరి. కాఫీ బాగుగనే యున్నది. అచ్చటికి మేము మరల పోలేదు.

ఇంట లేనిదా, బయట సొమ్ము తగులవేయుట యేల యని కొందఱందురు. ఇంట లేదు గనుకనే పోవుచున్నాము. ఇంట కాఫీ లేక కాదు; ఇంట కూర్చుండుట లేదు. వంటింటి గడప దాటిన స్త్రీ ఇల్లు మఱచునని మఱికొందఱందురు. దేవాలయమునకు పోయిన స్త్రీ మఱచినదా, నూతికి పోయిన స్త్రీ మఱచినదా? నూఱేండ్లు నీటికొఱకు పోయిన దారిని కాఫీకొఱకు పోవుట తప్పు కాదు. ఆచారపరులగు పెద్దలు బయటి తిండి ముట్టని యెడల వారిని బలవంతపెట్టనక్కఱ లేదు. తోటలో బల్లమీద కూర్చుండుట కాచారమడ్డురాదు. ఇంటినుండి ఫ్లాస్కులో కాఫీ కొనిపోయి, దానిని వారికి పోయువారు మఱియొకరైన చాలును. మా మెట్లబావి చెంత నొక సాయంకాలము మే మట్లే చేసితిమి.

చివర నొక్క మాట. ఊరిబయట నున్న సోదరీమణులకు, ఆర్థికముగ వీలు లేనివారికి, చంటిబిడ్డల తల్లులకు కాఫీశాల దూరము కావచ్చును. కాఫీశాలలో నేను కొనినది కాఫీయు, "మీకేమి కావలయును?" అను ప్రశ్నయు. కాఫీకి సొమ్ము కావలయును, ప్రశ్నకు నక్కఱలేదు. దానిని మన యింట మనమే యడుగవచ్చును. అత్తను కోడలు, కోడలి నత్త, కూతును తల్లి, భార్యను భర్త యడుగవచ్చును. అడిగి, ఉత్తరము వచ్చువఱకు తొందరపడక నిలువవలయును. చాలకాల మడుగబడనివారికి జవాబు వెంటనే దొరకదు.

మఱియు, మన గ్లాసులు కడిగి బోర్లించి పోవు పనియామె యొకతె ప్రతి యింట నుండును. ఆమెకు మన మిచ్చు కాఫీ యే డికాక్షనో, ఏ గ్లాసులోనో, కూర్చుండి త్రాగునో నిలుచుండి త్రాగునో ప్రతి గృహిణియు తన వంటయింట నొక్కమాఱు చూచుకొనవలయును. మా యింటికి వచ్చునామెకు పంచదార తక్కువగ నుండవలయును, మీగడ తగులరాదు. అడిగి తెలిసికొంటిని.